పెరటి తలుపు గడియ

తిరువూరులో మా యింట నాన్నగారు అంట్లు తోమగా నేను చూసింది ఒక్కసారే. అమ్మ కామెర్లతో మంచం పట్టిన రోజులవి. ఆయన ముందుగా పెరటి తలుపు గడియ వేసి, ఆ తరువాతే కొబ్బరిపీచు చేతబట్టారు. అంట్ల కన్నా ఆ గడియే నాకు బాగా గుర్తుండిపోయింది. పొరుగువారు చూస్తే నామోషీ ఎవరికి? ఆయనకా, మంచంలో ఉన్న అమ్మకా? ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకున్నాను.

మగవాడికి వంట రాదని మన సంప్రదాయం ఎన్నడూ అనలేదు. మంచి వంటను నలభీమపాకమంటాం; ఆ యిద్దరూ మగవారే. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేదీ, గుళ్ళలో ప్రసాదం వండేదీ ఎక్కువగా మగవారే. ఆచారం గట్టిగా పాటించిన ఇళ్ళలో ఆడవారు నెలకు మూడు రోజులు దూరంగా కూర్చుంటే, చాలాచోట్ల మడికట్టుకొని వండింది భర్తలే. కూలి గానీ, పుణ్యం గానీ, గత్యంతరం లేని అవసరం గానీ ఉన్నప్పుడు పురుషహస్తం గరిటె పట్టింది. ఇవేవీ లేని రోజువారీ వంట భార్యకు మిగిలింది. (ఆ మూడు రోజుల అంటును నేను సమర్థించడం లేదు. అయితే కొందరు అమ్మమ్మలకు నడుము వాల్చే తీరిక దొరికింది ఆ మూడు రోజులే.)

ఇంకో సంగతి. ఇంటిపని గడప దాటి యంత్రం దగ్గరకు చేరిందంటే మగవాడిదైపోతుంది. రోకటిపోటు ఆడవారిది, రైసుమిల్లు వచ్చాక బస్తా సైకిలు మీద వేసుకొని వెళ్ళింది మగవాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లిచ్చారు. పొగ తగ్గింది, కట్టెల మోపు తప్పింది. పొయ్యి ముందు నిలబడే మనిషి మాత్రం మారలేదు. మావైపు మామిడితోటలెక్కువ. ఆవకాయ రోజుల్లో కాయలు బేరమాడి తెచ్చి ముక్కలు కొట్టేది నాన్నగారు. ముక్కలు తుడవడం, కారం, ఆవపిండి కలపడం, జాడీ కెత్తడం, మూడోనాడు తిరగకలపడం అమ్మ. "ఈ యేడు ఆవకాయ బాగా పెట్టాం" అని బహువచనంలో చెప్పుకొనేది నాన్నగారు.

2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోనే తిరువూరూ, పెనుగంచిప్రోలూ ఉన్నాయి. ఆ పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ 1902లో 'స్త్రీవిద్య' కథను భార్యాభర్తల సంభాషణగా రాశారు. భార్య చదువుకోవాలన్న వాదం ఆనాటికి అదే పెద్ద సాహసం. చదువుకున్న ఇల్లాలు ఇల్లు మరింత చక్కగా దిద్దుకొంటుందని సంస్కర్తలు నచ్చజెప్పేవారు. భర్త చేతికి చీపురివ్వాలన్న ఊహ ఆ ఉద్యమానికి తట్టినట్టు లేదు. ఆ మాటకొస్తే మన ఇళ్ళలో ఇప్పటికీ తట్టలేదు.

ఇదే జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పొకదానికి తన అభిప్రాయాన్ని జోడిస్తూ గృహిణి శ్రమ విలువను చర్చించారు. 2011 జనగణనలో ఇంటిపనే ప్రధాన వృత్తి అని చెప్పిన స్త్రీలు దాదాపు 15.98 కోట్లు, పురుషులు 57.9 లక్షలు అని అందులో ఉదహరించారు. 2019 కాలవినియోగ సర్వే అంకెలూ ఉన్నాయి: ఇంటిపని చేసేవారిలో స్త్రీలకు రోజుకు 299 నిమిషాలు, పురుషులకు 97. అసలు ఆ పని ముట్టుకొన్న మగవారు నూటికి 26 మందే. 2024 సర్వేలో ఇవి 289, 88 అయ్యాయి. అంటే అయిదేళ్ళలో ఇద్దరి నడుమ అంతరం తగ్గింది ఒక్క నిమిషం! ఇక్కడొక చేదు సంగతి కూడా చెప్పాలి. ఆ వ్యాజ్యం రోడ్డు ప్రమాదంలో పోయిన దంపతుల నష్టపరిహారం గురించినది. గృహిణి పనికి కోర్టులో వెలకట్టే సందర్భం సాధారణంగా ఆమె పోయాకే వస్తుంది.

ఇతర దేశాల్లో బతికుండగానే అడిగారు. క్యూబా 1975 కుటుంబ చట్టం ఇంటిపని దంపతులిద్దరిదీ అంది. స్పెయిన్ 2005లో పౌరస్మృతిలో అదే మాట చేర్చింది. ఐస్‌లాండులో 1975 అక్టోబరు 24న నూటికి తొంభైమంది స్త్రీలు ఉద్యోగమూ ఇంటిపనీ రెండూ మానేశారు. మగవారు పిల్లలను వెంటబెట్టుకొని ఆఫీసులకు వెళ్ళవలసి వచ్చింది.

మనవాళ్ళకు చట్టం కన్నా విమానం ఎక్కువ నేర్పినట్టుంది. అమెరికాలో పనిమనిషి దొరకదు, అత్తగారు దగ్గరుండదు, చూసే పొరుగువారూ ఉండరు. భర్త సింకు దగ్గర నిలబడతాడు. కానీ హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యకు 2015 దాకా ఉద్యోగానికి అనుమతి లేదు, ఆ తరువాత కూడా కొందరికే. రోజంతా ఇంట్లోనే ఉన్నావుగా అన్న తర్కం అక్కడికీ ప్రయాణించింది.

ఆ దేశంలో రోజూ గిన్నెలు కడిగే మా పెదనాన్నగారబ్బాయి ఓ సంక్రాంతికి తిరువూరు వచ్చాడు. భోజనం కాగానే తన కంచం, వదినగారి కంచం కలిపి పట్టుకొని పెరట్లోకి నడిచాడు. పెద్దమ్మ గబగబా వెళ్ళి రెండూ లాక్కొని, అవతలి డాబా వైపు ఒకసారి చూసి, వదినగారి చేతికిచ్చింది.