ఇంటి సంగతులు: కార్డుముక్క నుంచి వాట్సాప్ దాకా

పోయిన నెల మా పెద్దది నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. తప్పు నాదే కాబట్టి ఇక్కడ ఒప్పేసుకుంటున్నాను.

మావారికి ఛాతీలో మంటగా ఉందంటే గ్యాస్ అనుకున్నాం. జీలకర్ర నీళ్ళు కూడా తాగించాను. తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళాం. గుండె రక్తనాళంలో అడ్డు ఉందని తేల్చి మర్నాడే స్టెంటు వేశారు. దేవుడి దయవల్ల మూడో రోజుకి ఇంటికి వచ్చేశాం. పెద్దది పూనాలో ఉద్యోగం చేస్తోంది, ఆ వారమే దానికి ఆఫీసులో ఏదో పెద్ద పని. చిన్నాడు ఇంటర్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉన్నాడు, పరీక్షలు దగ్గర పడ్డాయి. "కాస్త తేరుకున్నాక చెబుదాంలే" అన్నాను. మావారు సరేనన్నారు. రోజూ ఫోన్లో దానితో మాట్లాడుతూనే ఉన్నాను. పెరట్లో కరివేపాకు మొక్క బతికిందని చెప్పాను, పక్కింటి పిల్లి మా అటక మీద పిల్లల్ని పెట్టిందని చెప్పాను. ఇది మాత్రం చెప్పలేదు.

తొమ్మిదో రోజున మా ఆడపడుచు కుటుంబం గ్రూపులో "తమ్ముడు త్వరగా కోలుకోవాలి" అని దండం బొమ్మలతో పెట్టేసింది. పెద్దది ఆఫీసులో ఉండగా చూసింది. ఫోన్ చేసి ఒకటే మాట అంది. "పిల్లి సంగతి చెప్పావు, నాన్న సంగతి చెప్పలేదు. ఇంక నువ్వు బాగున్నాం అంటే నేనెలా నమ్మాలి?"

ఆ మాట నాకు కొత్తది కాదు. ఎక్కడ విన్నానా అని ఆ రాత్రంతా ఆలోచించాను. ఎక్కడా విన్నది కాదు, నేనే ఒకప్పుడు మా అమ్మని అన్నది. మర్నాడు అటక మీంచి ట్రంకు పెట్టె దింపించి (పిల్లి పిల్లల్ని జాగ్రత్తగా జరిపి) అమ్మ ఉత్తరాలు తీశాను. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే, అసలు తల్లులు పిల్లలకి ఇంటి సంగతులు ఎప్పట్నుంచి చెబుతున్నారు, ఎలా చెబుతున్నారు అన్న ఆలోచన పట్టుకుంది. ఈ టపా దాని గురించే.

మన దేశంలో మామూలు జనానికి ఉత్తరం అందుబాటులోకి వచ్చింది 1854లో. అంతకుముందు దూరాన్ని బట్టి డబ్బు తీసుకునేవారు. ఆ ఏడాది కొత్త చట్టం వచ్చాక దేశంలో ఎక్కడికైనా పావు తులం బరువుకి అర్ధణా బిళ్ళ అతికిస్తే చాలు. తర్వాత 1879 జులై 1న పోస్టుకార్డు వచ్చింది. ఆస్ట్రియా-హంగరీలో 1869లో పుట్టిన కార్డు పదేళ్ళకి మన దగ్గరికి చేరిందన్నమాట. వెల అణాలో నాలుగో వంతు, అంటే ఒక కానీ. "చేరగానే ఓ కార్డుముక్క రాసి పడెయ్యి" అని ఊరికి వెళ్ళేవాళ్ళతో అనడం అప్పట్నుంచీ మన నోళ్ళలో నానింది. ఆ మరుసటి ఏడే, 1880లో, మనియార్డరు వచ్చింది. దూరాన ఉన్న కొడుకు డబ్బు పంపితే, దాని కింద ముక్కలో నాలుగు మాటలు రాయడానికి చోటుండేది. ఎంతమంది తల్లులు డబ్బు కంటే ముందు ఆ నాలుగు మాటలు చదివించుకున్నారో!

చదివించుకున్నారు అని ఎందుకన్నానంటే, చదవగలిగిన తల్లులు ఎంతమంది గనక? 1901 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో నూటికి ఒక్కరికి కూడా చదువు రాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లోనే ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. అదే ఏడాది పుట్టిన భండారు అచ్చమాంబ, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుని, 1902లో 'ధనత్రయోదశి' కథ రాసేంత దూరం వెళ్ళింది. కానీ అలాంటి వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కార్డు చవకే, పోస్టు డబ్బా వీధి చివరే, కానీ తల్లి చేతికి మాత్రం కలం లేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1951 లెక్కల్లో కూడా చదువొచ్చిన ఆడవాళ్ళు నూటికి తొమ్మిది మందే.

మా అమ్మమ్మ మిగతా తొంభై ఒక్క మందిలో ఒకతె. అమ్మకి పెళ్ళయి తెనాలి దగ్గర పల్లెకి వచ్చాక, అమ్మమ్మ రేపల్లె వైపు నుంచి నెలకో కార్డు "రాసేది". అంటే అమ్మమ్మ చెప్పేది, తాతయ్య రాసేవారు. పైన 'శ్రీరామ', కింద "చి.ల.సౌ. అమ్మాయిని ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి." అందులోనే కార్డు నాలుగో వంతు అయిపోయేది. అమ్మమ్మ పది సంగతులు చెబితే తాతయ్య రెండు రాసేవారట. "అంతా క్షేమం. గేదె ఈనినది. పంట ఫరవాలేదు. అల్లుడిగారిని అడిగినట్లు చెప్పవలెను." అంతే. అమ్మకి మొదటి కాన్పు పోయినప్పుడు అమ్మమ్మ ఏం చెప్పిందో, తాతయ్య ఏం రాశారో నాకు తెలుసు. ఆ కార్డు అమ్మ దాచుకుంది. "దైవేచ్ఛ. ధైర్యముగా నుండవలెను" అని ఉంది. అమ్మమ్మ ఆ రోజు రాట పట్టుకుని ఎంతసేపు మాట్లాడిందో, ఏడ్చిందో, అందులో ఒక్క ముక్క కూడా కార్డు మీదికి రాలేదు.

రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కార్డు బట్టబయలు. పోస్టుమాస్టరు చదువుతాడు, పోస్టుమాన్ చదువుతాడు, అందుకున్న ఇంట్లో ముందు మామగారు చదువుతారు, కోడలి చేతికి వచ్చేది ఆఖర్న. కూతురికి అత్తింట్లో ఎలా ఉందో కార్డు మీద అడగగలమా? అందుకని అడిగే పద్ధతి వేరే ఉండేది. "ఆరోగ్యం జాగ్రత్త" అని రెండుసార్లు రాస్తే ఏదో అనుమానం వచ్చిందని అర్థం. నాలుగు మూలలా పసుపు పెడితే శుభవార్త. చావు కబురు తెచ్చిన కార్డు ఇంట్లోకి తేకూడదు. మా ఇంట్లో గుమ్మం బయటే చదివి, చింపి పారేసి, తలస్నానం చేసి లోపలికి వచ్చేవారు.

1950లో ఇన్లాండు లెటర్ వచ్చింది. నీలం రంగు కాగితం, మడిచి అంటిస్తే తనే కవరు. దాని మీద మన ఆడవాళ్ళ తరఫున ఎవరూ ఏమీ రాసినట్టు నేను చదవలేదు గానీ, నా దృష్టిలో అది చాలా పెద్ద విషయం. కార్డు కంటే కాస్త ఎక్కువ ఖర్చుతో తల్లీకూతుళ్ళ మాటలకి ఒక తలుపు దొరికింది. మా అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఆ అయిదు తరగతులతోనే ఆవిడ జీవితమంతా ఇన్లాండులు రాసింది. మూడు మడతలూ నింపి, పక్కల అంచుల్లో కాగితం తిప్పి తిప్పి రాసి, జిగురు అంటించే చోట కూడా రాసేది. నేను ఆత్రంగా చింపితే ఆ మాటలు పోయేవి. లోపల ఏమీ పెట్టకూడదని దాని మీదే అచ్చువేసి ఉంటుంది. అయినా గుడి కుంకుమ కాస్త చల్లి పంపేది.

ఇక నా సంగతికి వస్తాను. 1997లో మేం భిలాయిలో ఉండేవాళ్ళం. నాకు అయిదో నెల. అమ్మ ఇన్లాండు వచ్చింది. మొన్న దాన్ని మళ్ళీ చదివాను. ముందు వరి కోతల సంగతి. తర్వాత చింతపండు ధర. పిన్ని కూతురికి సంబంధం కుదిరింది. నేను బొప్పాయి తినకూడదు, బరువు ఎత్తకూడదు. చిట్టచివర, అంచులో, "మీ నాన్నగారికి కాస్త నలతగా ఉండి తగ్గినది. ఏడో నెలలో నిన్ను తీసుకురావడానికి అన్నయ్య వస్తాడు. మరేం విశేషాలు లేవు."

పురిటికి తీసుకెళ్ళడానికి నాన్న రావాలి. అన్నయ్య వస్తాడంటే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. అన్నయ్య దారి పొడుగునా ఏమీ చెప్పలేదు. ఇంటికి వెళ్ళేసరికి నాన్న అరుగు మీద కుర్చీలో ఉన్నారు, కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తారు. పక్షవాతం వచ్చి అప్పటికి రెండున్నర నెలలైంది.

ఆ రోజు నేను అమ్మని అన్న మాటే మొన్న నా కూతురు నన్ను అంది. "చింతపండు ధర రాశావు, నాన్న సంగతి రాయలేదు." అమ్మ ఒకటే అంది, "నువ్వు ఒట్టి మనిషివి కాదు కదే." ఆ కడుపులో ఉన్నది ఈ పెద్దదే.

అప్పుడు చెప్పడానికి దారి లేకపోలేదు. టెలిగ్రాం ఉంది. మన దేశంలో 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ల మధ్య మొదటి తీగ వేశారు. 2013 జులై 14 దాకా టెలిగ్రాం నడిచింది. కానీ మన ఇళ్ళల్లో టెలిగ్రాం అంటే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. కడుపుతో ఉన్న కూతురికి ఏ తల్లి ఇస్తుంది? ఫోనూ ఉంది. కాన్పూరు, లక్నోల మధ్య 1960లో మొదలైన ఎస్టీడీ, ఎనభైల చివరికి పసుపు బోర్డుల బూతులుగా ఊరూరా వచ్చింది. రాత్రి పదకొండు దాటితే పావు ధర అని మేం బూతు ముందు వరసలో నిలబడేవాళ్ళం. అయితే బూతులో మీటరు ఎర్ర అంకెలు తిరుగుతూ ఉంటే, వెనక పదిమంది వింటూ ఉంటే, ఎవరు ఏం చెప్పగలరు? "బాగున్నారా? బాగున్నాం. ఉంటాను." అది గొంతుతో రాసిన కార్డుముక్కే.

ఇన్నాళ్ళూ నేను అమ్మ చెప్పకపోవడానికి కారణం ఉత్తరాలే అనుకున్నాను. చోటు లేదు, చాటు లేదు, ఆరు రోజులు పడుతుంది, అందేసరికి సంగతే మారిపోతుంది అని సర్దుకున్నాను. మరి నా చేతిలో ఇవేవీ అడ్డం లేవు కదా? చోటుకి కొదవ లేదు, ఖర్చు లేదు, పంపిన క్షణంలో అందుతుంది, రెండు నీలం టిక్కులతో చదివిందని కూడా తెలుస్తుంది. అయినా నేను అచ్చం అమ్మలాగే పిల్లి సంగతి ముందు రాసి, నాన్న సంగతి అంచులోకి కూడా రానివ్వలేదు.

అమ్మని తప్పు పట్టడానికి ఇప్పుడు నాకు నోరు రాదు. పిల్లల మనసు కష్టపెట్టకూడదన్నది మనకి ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. కానీ ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ రెండున్నర నెలల తర్వాత అమ్మ ఎన్ని ఉత్తరాలు "అంతా క్షేమం" అని రాసినా నేను నమ్మలేదు. ప్రతి ఇన్లాండూ ముందు అంచుల్లో వెతికేదాన్ని, ఏం దాచిందో అని. నిజంగా అంతా క్షేమంగా ఉన్నప్పుడు కూడా నాకు నిశ్చింత లేకుండా పోయింది. అది నా కూతురికి వద్దు.

అయిదో రోజు పెద్దది తనే ఫోన్ చేసింది. 1997 ఇన్లాండు ఫొటో తీసి పంపాను. చాలాసేపు జవాబు లేదు. తర్వాత, "అమ్మమ్మ చేతిరాత బాగుంది. నాన్న మందుల చీటీ కూడా ఫొటో పంపు" అని వచ్చింది. పంపాను. ఒప్పందం కూడా కుదిరింది. ఒంట్లో బాగోలేకపోతే ఆ రోజే చెప్పాలి, అదీ మొదటి వాక్యంలో. పిల్లీ, చింతపండూ తర్వాత. ఈ ఒప్పందం ఇటు నుంచి ఎంతో అటు నుంచి కూడా అంతే అన్నాను. కాస్త ఆగి, "అయితే నాకు వారం నుంచి జ్వరం" అంది. చూశారా!

ఇక చిన్నాడు. వాళ్ళ హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు. పోస్టాఫీసుకి వెళ్ళి ఇన్లాండు అడిగితే కౌంటర్లో అమ్మాయి నన్ను ఓసారి చూసి లోపలికి వెళ్ళి వెతికి తెచ్చింది. రెండున్నర రూపాయలు. కార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. ఇంటికొచ్చి, పైన శ్రీరామ రాసి, ఉభయకుశలోపరి జోలికి పోకుండా మొదలుపెట్టాను. "నాన్నకి పోయిన నెల గుండెకి స్టెంటు వేశారు. ఇప్పుడు రోజూ పొద్దున్న అరగంట నడుస్తున్నారు. నీకు పరీక్షలని చెప్పలేదు, అది నా తప్పు." ఆ తర్వాత కరివేపాకు మొక్క, పిల్లి పిల్లలు నాలుగు, ఆవకాయ జాడీలో మూడో వంతు మిగిలింది, అక్కకి జ్వరం తగ్గింది. జిగురు అంటించే చోట మాత్రం ఏమీ రాయలేదు. వాడు నాకంటే ఆత్రగాడు.

పదిరోజులకి జవాబు వచ్చింది. నోటుపుస్తకం కాగితం, కవరులో. మొదటి వాక్యం, "అమ్మా, ఫిజిక్స్ వారం పరీక్షలో మార్కులు తక్కువొచ్చాయి." రెండోది, "నాన్నని నేను వచ్చేదాకా మోటారు సైకిలు ఎక్కొద్దని చెప్పు." మిగతా కాగితమంతా ఏం ఏం వండి తీసుకురావాలో రాశాడు.

ఆ ఉత్తరం కూడా ట్రంకు పెట్టెలోనే పెట్టాను, అమ్మ ఇన్లాండుల పక్కన.