ష్రింక్‌రాప్ లైసెన్సు
సాఫ్ట్‌వేర్ పెట్టెలో దాగి, డబ్బు కట్టి పైపొర చింపాకే కంటబడే షరతుల పత్రం. చదవకముందే ఒప్పుకున్నట్టు ఎలా అవుతుందన్నదే ఇందులో చిక్కు. అమెరికాలో స్టెప్‌సేవర్ కేసులో (1991) ఒక అప్పీలు కోర్టు, ఫోనులో బేరం కుదిరాక పెట్టె మీద వచ్చిన షరతులు ఒప్పందంలో భాగం కావంది. ప్రోసీడీ కేసులో (1996) మరో అప్పీలు కోర్టు లోపలి షరతులూ చెల్లుతాయంది. 3,000కు పైగా టెలిఫోన్ డైరెక్టరీల వివరాలున్న, ఆ కేసుకు మూలమైన సీడీల పెట్టె మీద, లోపల లైసెన్సు ఉందన్న సూచన మాత్రమే ఉంది. అన్నీ అట్ట మీద అచ్చువేస్తే అక్షరాలు కంటికి ఆనవని, నచ్చకపోతే సరుకు తిరిగి ఇవ్వవచ్చని న్యాయమూర్తి ఈస్టర్‌బ్రూక్ తర్కం.

మొదటి మాటలో నిజముంది. రెండోది మాత్రం బలహీనం: తిప్పి పంపే శ్రమ కొన్నవారి నెత్తినే పడుతుంది, నాలుగు సరుకులు పోల్చి చూసుకునే అవకాశం అప్పటికే చేజారుతుంది. ఎలాగూ ఎవరూ చదవరు కదా అంటారు. అందరూ చదవనక్కర్లేదు, సమీక్షకులు, పోటీదారులు కొందరు చదివినా షరతుల గుట్టు బయటపడుతుంది. పైగా వెబ్‌లో చోటుకు కరువు లేదు. నెట్‌స్కేప్ కేసులో (2002) డౌన్‌లోడ్ బటన్ దాటి కిందికి జరిపితే తప్ప కనబడని షరతులు వాడుకరిని కట్టిపడేయవని తీర్పు వచ్చింది. మన దగ్గర, టాటా కన్సల్టెన్సీకీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన అమ్మకపు పన్ను వివాదంలో రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ‘సరుకే’నని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. పన్ను కోసం సరుకైనది, కొనేవాడు పరిశీలించాలనుకున్నప్పుడు మాత్రం కాకుండాపోవడం వింతే.