మంద్ర స్వరం వాయించినవాళ్లు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవం చేసుకుంటోందంటే అది పుట్టింది డెబ్బయ్యో దశకం నడుమ అన్నమాట. ఆ దశకం గురించి ఈ సంచికలో చాలామంది మిత్రులు రాస్తారు. మన హెడ్మాస్టర్ల గురించి, పరీక్షా ఫలితాల గురించి, ఆటస్థలం గురించి రాస్తారు. నేను మాత్రం ఆ కాలపు సంగీతంలో ఒక మూల నిలబడినవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్తాను. వాళ్లు వేదిక ముందుకు రారు. పాటకు అడుగున ఉండే మంద్ర స్వరం వాయిస్తారు. వింటున్నంతసేపూ వాళ్లున్నట్టు తెలియదు. ఆపేస్తే మాత్రం పాట కాళ్లు విరిగినట్టు ఉంటుంది.

ముందు దూరం ఊరి కబురు. 1969లో మనిషి చంద్రుడి మీద కాలుపెట్టాడు. ఇంగ్లండు కుర్రకారు ఆ రోదసి మోజును సంగీతంలోకి తెచ్చారు. దానికి స్పేస్ రాక్ అని పేరొచ్చింది. ఒక్కో పాట పది, ఇరవై నిమిషాలు సాగేది. సింథసైజర్ల ఈల, గాలి హోరు లాంటి చప్పుళ్లు, వేదిక మీద రంగుల దీపాలు. పైన ఇంత తేలిపోతుంటే కింద నేలను పట్టి ఉంచేవాడు ఒకడు కావాలి. ఆ పని బేస్ గిటారుది. లియో ఫెండర్ 1951లో మార్కెట్లోకి తెచ్చిన నమూనాతో ఈ వాద్యం స్థిరపడింది. మామూలుగా నాలుగు తీగలు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారు కింది తీగకు అది సరిగ్గా ఒక స్థాయి దిగువ.

1969లో లండన్‌లో ఏర్పడిన హాక్‌విండ్ బృందంలోకి 1971లో లెమ్మీ అనే ఆయన వచ్చాడు. అంతకుముందు ఆయన వాయించింది మామూలు గిటారు. అందుకే బేస్‌ను కూడా గిటారులాగే, రెండేసి తీగలు కలిపి గట్టిగా మీటేవాడు. 1972లో ఆయన గొంతుతో వచ్చిన ‘సిల్వర్ మెషీన్’ బ్రిటన్ పాటల పట్టికలో మూడో స్థానానికి ఎక్కింది. 1975లో బృందం ఆయన్ని తీసేస్తే, మోటర్‌హెడ్ అని సొంత బృందం పెట్టుకున్నాడు. పింక్ ఫ్లాయిడ్ బృందంలో రోజర్ వాటర్స్ బేస్ వాయించేవాడు. 1973లో వచ్చిన వాళ్ల ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్‌లో ‘మనీ’ అనే పాట ఉంది. మొదట గల్లాపెట్టె చప్పుడు, ఆ వెంటనే బేస్. లెక్కేసి చూడండి, ఏడు మాత్రలు! మిశ్రచాపు వేసిన చేతికి ఆ నడక కొత్తగా అనిపించదు.

ఆ రోజుల్లో మనకి రోదసి అంటే వేరు. 1971లో శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. 1975 ఏప్రిల్‌లో ఆర్యభట్ట కక్ష్యలోకి వెళ్లింది. 1979 జూలైలో స్కైలాబ్ నెత్తిమీద పడుతుందన్న భయంతో తెలుగు పల్లెల్లో మేకల్నీ కోళ్లనీ కోసుకు తిన్న కథలు మనందరికీ గుర్తే. ఆ పాశ్చాత్య బృందాల పేర్లు మనలో చాలామందికి తర్వాతెప్పుడో, కాలేజీ హాస్టళ్లలో చేతులు మారిన క్యాసెట్ల వల్ల తెలిశాయి.

డెబ్బైలలో మనకి సంగీతమంటే రేడియో. 1963లో మొదలైన ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం, వివిధభారతి, సిలోన్ స్టేషన్‌లో మీనాక్షి పొన్నుదొరై గారి తెలుగు. అయితే ట్రాన్సిస్టర్‌లో ఒక ఇబ్బంది ఉంది. మంద్ర స్వరం వినిపించాలంటే స్పీకరు చాలా గాలిని కదిలించాలి. రెండు మూడు అంగుళాల స్పీకరుకు ఆ శక్తి లేదు. గొంతు, వేణువు, వయొలిన్ బాగానే వినిపించేవి, బేస్ మాత్రం దారిలోనే జారిపోయేది. పాట అయ్యాక ఎనౌన్సరు సినిమా పేరు, కవి పేరు, సంగీత దర్శకుడి పేరు, పాడినవారి పేర్లు చెప్పేవారు. వాయించినవారి పేర్లు ఆ జాబితాలో ఉండేవి కావు. అంటే బేస్ వాయించినాయన చెవికీ అందలేదు, పేరుకూ అందలేదు.

ఆ స్వరం మనకి మొదట ఒంటికి తగిలింది సినిమా హాల్లో. పెద్ద స్పీకర్ల పక్కన బెంచీ టిక్కెట్టు వాళ్లకి అది గుండెల మీద కొట్టినట్టు ఉండేది. 1979లో వచ్చిన ‘యుగంధర్’ నాటికి ఇళయరాజా పేరు మన హాళ్లలో వినిపిస్తోంది. ఆయన పాటల్లో బేస్ గిటారు ఊరికే శ్రుతి పట్టుకుని కూర్చోదు, పాట కింద తన పాట తాను పాడుకుంటుంది. ఆయన బృందంలో దశాబ్దాలపాటు బేస్ వాయించిన శశిధరన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇక మన గడ్డ మీదికి వస్తాను. బేస్ గిటారు రాకముందే మన ఉత్తరాంధ్రలో ఆ పని చేసిన వాద్యం ఒకటుంది. అదే జముకు. ఒక డొల్ల, దానికి ఒకవైపు తోలు మూత. ఆ తోలు నడిమి నుంచి నరపు తీగ డొల్ల గుండా వచ్చి ఒక చిన్న కర్రముక్కకు కట్టి ఉంటుంది. డొల్లను చంకలో ఇరికించి, ఒక చేత్తో కర్రముక్కను లాగిపట్టి, రెండో చేత్తో తీగ మీటుతారు. లాగితే స్వరం పైకి పోతుంది, సడలిస్తే కిందికి దిగుతుంది. మెట్లు లేవు, బిరడాలు లేవు. ఆ లాగుడు, సడలింపుల మధ్య స్వరం జారుతూ మూలిగినట్టు, ప్రశ్న అడిగినట్టు వస్తుంది. తెలంగాణలో ఎల్లమ్మ కథకు వాయించే జమిడిక, బెంగాల్ బావుల్ గాయకుల ఖమక్ దీనికి అక్కచెల్లెళ్లు.

ఈ వాద్యం పేరుమీదే జముకుల కథ ఉంది. గ్రామదేవత పండగల్లో రాత్రంతా సాగేది. శ్రీకాకుళం ఉద్యమ కాలంలో బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ కథా రూపాన్ని ప్రచారానికి వాడారు. 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు చనిపోయారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఇక్కడి యాసనూ ఇక్కడి బాణీలనూ తెలుగు దేశమంతా వినిపించి 2020 ఆగస్టులో కన్నుమూశారు. ఆ రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ ఆ ఇద్దరి పేర్లూ చరిత్రలో ఉన్నాయి. ఊరూరా కథకుడి పక్కన నిలబడి తెల్లవార్లూ జముకు మీటినవాళ్ల పేర్లు, వంత పాడినవాళ్ల పేర్లు ఎక్కడున్నాయి?

పక్కన నిలబడేవాడిని గౌరవించడం మనకి చేతకాక కాదు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఘంటసాల, సుశీల గార్లు చదువుకున్నది అక్కడే. ఆ కళాశాలలో వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను ఆయన వేదిక నడుమ కూర్చోబెట్టి ఒంటరిగా కచేరీ చేయించారు. కచేరీ కరపత్రంలో గాయకుడి పేరు కింద వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో అచ్చువేయడం మన ఆచారం. విదేశీ బృందాల రికార్డుల అట్టల మీద కూడా బేస్ ఎవరో అచ్చయి ఉంటుంది. లెమ్మీ గురించి ఇవాళ నేను ఇక్కడ కూర్చుని రాయగలుగుతున్నది ఆ ఒక్క వరుస వల్లే. జముకు పట్టినాయనకి కరపత్రం లేదు, రికార్డు అట్ట లేదు. తేడా విద్వత్తులో లేదు, అచ్చులో ఉంది.

మరి మన చేతిలో అచ్చు ఉంది కదా! ఈ సంఘంలో ఎన్నో ఊళ్లవాళ్లం ఉన్నాం. మీ ఊరి పండగకి కథ చెప్పినాయన పేరు అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆయన పక్కన జముకు వాయించింది ఎవరో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏయే కథలకి వాయించేవారు, ఆ జముకు ఇప్పుడు ఎవరింట్లో ఉంది, ఇంతే రాయండి. వాయించేవారు ఇంకా ఉంటే ఫోనులో రికార్డు చేయండి. వినేటప్పుడు మాత్రం చెవుల్లో పెట్టుకునే మంచి హెడ్‌ఫోన్‌తో వినండి. ఫోను స్పీకరు కూడా పాత ట్రాన్సిస్టర్ లాంటిదే, అసలు స్వరాన్ని మింగేస్తుంది.

మన గురువులు హాజరు పట్టీలో ఒక్క పేరు కూడా వదలకుండా పిలిచేవారు. వచ్చే సంచికలో రెండు పేజీలు ఈ పేర్లకి కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ రెండు పేజీలు నింపే బాధ్యత మనందరిదీ.