టైరు అరగకపోయినా ఆయుష్షు తీరుతుంది

వేసవి వచ్చిందంటే రహదారులపై టైర్లు పేలి వాహనాలు అదుపు తప్పిన వార్తలు వింటూనే ఉంటాం. టైరుపై గాట్లు బాగానే ఉన్నాయన్న ధీమాతో పలువురు వాహనదారులు దాని వయసును పట్టించుకోరు. తిరిగిన దూరంతో పాటు తయారైన తేదీని కూడా చూస్తేనే టైరు ఎంతకాలం పనికొస్తుందో తెలుస్తుంది.

అరుగుదల ఎంతవరకు?

కారు టైర్లు సాధారణంగా 40 వేల నుంచి 50 వేల కిలోమీటర్ల వరకు మన్నుతాయి. గతుకుల రోడ్లు, అధిక బరువు, తక్కువ గాలి, తరచూ వేసే సడన్ బ్రేకులు ఈ దూరాన్ని తగ్గిస్తాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం గాట్ల లోతు కార్లు, బస్సులు, లారీలకు 1.6 మిల్లీమీటర్లు, ద్విచక్ర, మూడు చక్రాల వాహనాలకు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గరాదు. గాట్ల అడుగున అడ్డంగా కనిపించే చిన్న రబ్బరు దిమ్మెలే ఇందుకు గుర్తు. టైరు అరిగి వాటితో సమానమైతే వెంటనే మార్చాలి.

తేదీ తెలుసుకోవడమిలా

టైరు పక్క భాగంపై ఉండే సంకేతం చివర నాలుగు అంకెలుంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. బయటి వైపు కనిపించకపోతే లోపలి వైపు చూడాలి.

ఎండ, వేడి, గాలిలోని ప్రాణవాయువు వల్ల రబ్బరు క్రమంగా గట్టిపడి పగుళ్లిస్తుంది. రబ్బరులో కలిపిన రక్షక పదార్థాలు టైరు తిరిగేటప్పుడు పైపొరకు చేరుతుంటాయి. అందువల్ల నెలల తరబడి ఎండలో కదలకుండా ఉన్న వాహనాల టైర్లు అరగకపోయినా పాడవుతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే టైర్లు మార్చాలని సూచిస్తున్నాయి. అయిదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించాలని, పదేళ్లు దాటితే గాట్లు ఉన్నా వాడరాదని పలు టైర్ల తయారీ సంస్థలు చెబుతున్నాయి. ఏళ్ల తరబడి డిక్కీలో ఉండే స్టెప్నీకీ ఇదే వర్తిస్తుంది.

వేసవిలో జాగ్రత్త

రెంటచింతల, రామగుండం వంటి ప్రాంతాల్లో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండకు పేలుతుందన్న భయంతో గాలి తగ్గించడం పొరపాటు. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా వంగి, మరింత వేడెక్కి పేలే ప్రమాదముంది. ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే, డ్రైవరు తలుపు వద్ద ముద్రించిన కొలత ప్రకారం గాలి నింపించాలి.

పక్క భాగంలో పగుళ్లు, ఉబ్బులు కనిపిస్తే ఆ టైరుతో ప్రయాణించరాదు. కొత్త టైరైనా, పాత టైరైనా తయారీ తేదీ చూసిన తర్వాతే కొనుగోలు చేయాలి.