ఊకెనే వచ్చిన బండ్లు

ఆడవాళ్లం గడప దాటాలంటే ఏదో ఒక పని పేరు చెప్పాలి. గుడికనో, పుట్టింటికనో, పేరంటానికనో, పిల్లవాడికి జ్వరమనో. "ఎక్కడికే?" అని అడిగితే "ఊరికే" అని జవాబు చెప్పిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. అందుకే మా మేనకోడలు "అత్తా, ఆదివారం మా క్లబ్బు వాళ్లం దేవరుప్పుల వైపు రైడుకి పోతున్నాం, వస్తావా?" అన్నప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట కూడా అదే: "అక్కడేం పని?"

పనేమీ లేదట. తెల్లవారుజామున ఉప్పల్లో బయల్దేరి, భువనగిరి, ఆలేరు దాటి జనగామలో టీ తాగి, సూర్యాపేట రోడ్డెక్కి, దేవరుప్పుల దగ్గర పల్లెదారుల్లో పడి, చీకటి పడకముందే ఇల్లు చేరడమట. పదకొండు మోటారు సైకిళ్లు, వాటి మీద పదకొండు మంది ఆడవాళ్లు. వెనకాల సామాన్ల కారులో, మందుల పెట్టె పక్కన నేను.

ఇదేదో కుర్రకారు అల్లరి అనుకుంటాం గానీ, దానికి పెళ్లివారి బస్సుకి లేనన్ని నియమాలున్నాయి. ముందు బండిని లీడ్ అంటారు, దారి తెలిసిన మనిషి. చివరి బండిని స్వీప్ అంటారు. ఎవరి బండి మొరాయించినా, ఎవరికి కళ్లు తిరిగినా ఆగి చూసుకోవలసింది ఆవిడే కాబట్టి అనుభవమున్న మనిషికే ఆ చోటు. మిగతావాళ్లు ఒకరు రోడ్డుకి కాస్త ఎడమగా, తరవాతి మనిషి కాస్త కుడిగా, మధ్య రెండు సెకన్ల ఎడం ఉంచుకుని నడవాలి. గుంట వస్తే కాలితో, వేగం తగ్గాలంటే చేత్తో సైగ. కొత్తగా నేర్చినవాళ్లు లీడ్ వెనకనే ఉంటారు, వాళ్ల వేగాన్ని బట్టే అందరి వేగం. అత్తగారింట్లో కొత్తకోడలికి ఇంత మర్యాద ఎక్కడైనా ఉందా, మీరే చెప్పండి!

మోటారు సైకిలు క్లబ్బులు ఇవాళ్టివి కావు. ఇంగ్లండులో 1901లోనే ఒకటి మొదలైంది. ఆడవాళ్ల ముచ్చట మాత్రం వేరు. 1916 జులై 4న అమెరికాలో అగస్టా, అడలైన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్లు న్యూయార్కు దగ్గర రెండు బండ్లెక్కి, ఆ దేశాన్ని అడ్డంగా దాటి పసిఫిక్ తీరం చేరారు. సైన్యంలో ఉత్తరాలు మోసే పనికి ఆడవాళ్లూ పనికొస్తారని రుజువు చెయ్యడం వాళ్ల ఉద్దేశం. చూశారా, అక్కడా ఒక పని చూపించవలసి వచ్చింది! దారిలో మగవాళ్ల దుస్తులు వేసుకున్నారని పోలీసులు పట్టుకున్నారు. ఇంతా చేస్తే సైన్యం వాళ్లని తీసుకోలేదు. 1940లో ఆ దేశంలోనే మోటార్ మెయిడ్స్ అనే ఆడవాళ్ల క్లబ్బు పుట్టింది. చేరాలంటే బండి సొంతానిదో ఇంట్లోవాళ్లదో అయ్యుండాలి, నడిపేది మాత్రం తనే అయ్యుండాలి.

మన దగ్గర ఆడదాని చోటు చాలాకాలం వెనక సీటే. బుల్లెట్టు 1955 నుంచీ మద్రాసులో తయారవుతోంది, అయినా ఆ బండి చప్పుడు వినగానే ఊళ్లో జనం అనుకున్నది "ఎస్సై వస్తున్నాడు" అనో "పటేలు వస్తున్నాడు" అనో. మా ఇంట్లో చేతక్ స్కూటరుండేది. ముందు నిలబడి నేను, వెనక ఒక పక్కకి కూచుని ఒళ్లో తమ్ముడితో అమ్మ. ఒక చెయ్యి పిల్లవాడి మీద, ఒక చెయ్యి కొంగు మీద, ఇక పట్టుకోవడానికి మూడో చెయ్యేదీ? చక్రంలో చీరలు పడి ఎందరు ఆడవాళ్లు రోడ్డు మీద పడ్డారో. వెనక చక్రం సగమైనా మూసేలా అడ్డు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో రాశారు. మనం చీర గార్డు అంటామే, అదే. చట్టం కూడా చీర కట్టిన మనిషి వెనకే కూచుంటుందని అనుకుందన్నమాట. మొన్న 2021లో ఊరూవాడా మోగిన బుల్లెట్టు బండి పాట సంగతి సరేసరి, పెళ్లికూతురు ఎంత హుషారుగా ఆడినా ఆ బండి మాత్రం అతనిదే.

ఈమధ్య కాలం కాస్త మారింది. 2011లో పుణేలో బైకర్నీ పేరుతో ఆడవాళ్ల క్లబ్బు మొదలై చాలా ఊళ్లకు పాకింది. 2018లో జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, శాంతి అనే నలుగురు హైదరాబాదు నుంచి బయల్దేరి బర్మా, థాయిలాండు మీదుగా మెకాంగ్ నది దేశాల్లో తిరిగొచ్చారు. 17 వేల కిలోమీటర్లు! ఆ తరవాత జై భారతి మామూలు ఇళ్ల ఆడవాళ్లకు బండి నడపడం నేర్పే సంస్థ కూడా పెట్టారు. మెకాంగ్ కన్నా అదే పెద్ద పని అని నా అభిప్రాయం.

ఇక ఆ దేవరుప్పుల దారి. చెరువు కట్టలు, తాటిచెట్లు, పత్తి చేలు, చూడ్డానికి ఏ పల్లెదారైనా ఇంతే. కానీ ఈ మట్టి కథ వేరు. ఇప్పుడు జనగామ ఒక జిల్లా, 2016లో అయింది. నిజాం రోజుల్లో అది నల్లగొండ జిల్లాలో తాలూకా, అందులో విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మాటే చట్టం. ఆయన చేతికింద 40 వేల ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. వెట్టి అంటే పొలం పనీ, గడీలో చాకిరీ మాత్రమే అనుకునేదాన్ని నేను. దారి మీద కూడా వెట్టి ఉండేది. దొర సవారీ కదిలితే బండి ముందు కొందరు, వెనక కొందరు పరుగెత్తాలి. ముందువాళ్లు తోవ సాఫు చెయ్యాలి, వెనకవాళ్లు కాపలా కాయాలి. దొర ఉత్తరాన్ని ఊరి నుంచి ఊరికి మోసుకుపోయేదీ వెట్టివాడే. వాన్ బ్యూరెన్ అక్కచెల్లెళ్లు ఏ పని కోసం అంత దూరం వెళ్లి బతిమాలారో, ఆ పనే ఇక్కడ కూలి లేకుండా మెడలు వంచి చేయించారు.

దేవరుప్పుల మండలంలోనే ఉంది కడవెండి. దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ అక్కడి గడీలో ఉండి పెత్తనం చేసేది. ఆమె కూడా ఆడదే మరి! పెత్తనం చేతికొస్తే మనం మాత్రం మెత్తనివాళ్లమని నేను వాదించలేను. 1946 జులై 4న ఆ ఊరి జనం కర్రలు, వడిసెలలు పట్టుకుని సంఘం జెండాతో ఊరేగింపు తీశారు. అప్పటిదాకా ఒకరి బండి ముందు పరుగెత్తిన వాళ్లు తమ కోసం తాము వీధిలో నడవడం గడీకి నచ్చలేదు. తుపాకులు పేలాయి. దొడ్డి కొమురయ్య అక్కడే పడిపోయాడు, అన్న మల్లయ్యకు గాయాలయ్యాయి. తెలంగాణ సాయుధ పోరాటం ఆనాటి నుంచే రాజుకుందంటారు. అమెరికా అక్కచెల్లెళ్లు బయల్దేరినదీ జులై 4నే. తేదీ కలవడం తప్ప వేరే సంబంధం లేదు లెండి. ఎందుకో నా మనసులో ఆ రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి.

కడవెండిలో బండ్లు ఆపి పిల్లలు హెల్మెట్లు తీశారు. స్తూపం దగ్గర కాసేపు నిలబడ్డారు. వాళ్లలో ముగ్గురికే కొమురయ్య పేరు తెలుసు. తప్పు పట్టలేను, మా బళ్లో కూడా ఈ పాఠం లేదు. ఇంతలో అరుగు మీద కూచున్న ఒక ముసలవ్వ, హెల్మెట్ల కిందనుంచి జడలు బయటపడేసరికి, నవ్వుతూ లేచి వచ్చింది.

"ఏం పని మీద అచ్చిండ్రు బిడ్డా?"

"ఏం లేదవ్వా, ఊకెనే అచ్చినం" అంది మా పిల్ల.

"ఊకెనేనా?" అని ఆమె మళ్లీ అడిగింది. తరవాత తన సంగతి చెప్పింది. చిన్నప్పటి నుంచి జనగామకు ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదట. నెత్తి మీద కట్టెలమోపు, లేకపోతే కూరగాయల గంప. బస్సులొచ్చాక దవాఖానాకి, కూతురి కాన్పుకి, పింఛను కాయితాలకి. ఉత్త చేతులతో ఒక్కసారీ పోలేదట.

"పెట్రోలుకెన్ని పైసలైతయి?" అని అడిగింది. చెప్పారు. "గన్ని పైసలా, ఊకెనే పోనీకి!" అని బుగ్గన వేలు పెట్టుకుంది. అప్పటికి చాకలి ఐలమ్మ ఊరు పాలకుర్తి చూడాలని ఒకరంటే, అక్కడికి దగ్గరి తోవ ఎటో, ఎక్కడ కంకర తేలి ఉందో, ఎక్కడ మెల్లగా పోవాలో చెయ్యి చాపి ఆమే చెప్పింది. లీడ్ పిల్ల శ్రద్ధగా విని, ముందుకు పోయి బండి స్టార్టు చేసింది.