బాటసారి కాలి బొబ్బ

క్రొత్త జోడు తొడిగి రెండు మైళ్ళు నడచి వచ్చినవాడు గడపలో కూర్చుండి "చెప్పు కరచినది" అనును. తోలునకు నోరు లేదు, పండ్లును లేవు. అయినను ఆ మాట విని నవ్వువారెవ్వరును లేరు. మడమ మీదనో, బొటనవ్రేలి ప్రక్కనో చర్మము ఎర్రవారి, మండి, కొంతసేపటికి నీటిబొబ్బ తేలుట అందరికిని అనుభవమే. ఇంత అల్పవిషయమునకు చరిత్ర యేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. పందెగాండ్రను, సేనాపతులను, సత్యాగ్రహులను ఒకే రీతిగా చింతపెట్టిన వస్తువు గనుక దీనికి చరిత్ర కలదనియే మేము తలచుచున్నాము.

కాలినడకను పందెముగా పెట్టుకొన్న కాలము ఇంగ్లండులో ఒకటి ఉండెను. 1809లో కెప్టెన్ బార్క్లే అను స్కాట్లండు దేశీయుడు న్యూమార్కెట్ మైదానమున వేయి గంటలలో వేయి మైళ్ళు నడచెదనని పందెము వేసెను. నియమము కఠినమైనది: ప్రతి గంటకును ఒక మైలు తప్పక నడవవలెను, పగలని లేదు, రాత్రి యని లేదు. జూన్ 1న ఆరంభించి జూలై 12న ముగించి పందెము గెలిచెను. ఆ ఆరు వారములలో అతడు ఒక్క రాత్రియైనను నిండుగా నిద్రించి యుండడు. అట్టివానికి పాదములను కాపాడుకొను ఉపాయము తెలిసి యుండవలెను గదా! ఆ ఉపాయమును ఫ్రాన్సిస్ గాల్టన్ అను పండితుడు ప్రయాణికుల కొరకు రచించిన గ్రంథమున పొందుపరచెను. 1855లో తొలిసారి వెలువడి పలుమార్లు ముద్రణ పొందిన గ్రంథమది. కొన్ని గంటలు నడచిన పిమ్మట పాదము ఒరసికొనుచున్నట్లు తోచగానే జోడు విప్పి, కుడికాలి మేజోడును ఎడమకాలికిని, ఎడమకాలిదానిని కుడికాలికిని మార్చుటయే బార్క్లే పద్ధతి. ఒక్క కాలే నొచ్చినచో ఆ మేజోడును లోపలివైపు వెలుపలికి త్రిప్పి తొడుగవలెను.

గాల్టన్ మరి కొన్ని చిట్కాలను గూడ చెప్పెను. బయలుదేరుటకు ముందు మేజోడు లోపల సబ్బు నురుగు దట్టముగా పట్టించవలెనట. తోలు మెత్తబడుటకు బూటులో పచ్చి కోడిగ్రుడ్డు పగులగొట్టవలెనట. మొదటిదానిని నమ్మవచ్చును, రెండవదానికి ఏ గృహిణియు ఒప్పుకొనదు. బొబ్బ లేచిన పిమ్మట సారాయిలో క్రొవ్వొత్తి క్రొవ్వు కలిపి పడుకొనుటకు ముందు పాదములకు మర్దించినచో తెల్లవారుసరికి బొబ్బ కానరాదని, రష్యా సైబీరియాలను కాలినడకన దాటిన కెప్టెన్ కాక్రేన్ మాటగా ఆ గ్రంథమే చెప్పుచున్నది. తెల్లవారుసరికి బొబ్బ మాయమగునను మాటను మేము నమ్మము. కాని మేజోడు మార్చు చిట్కా మాత్రము మంచిదే. మడతయు చెమ్మయు ఒకేచోట నిలువక తావు మారును. కారణము తెలియకున్నను బాటసారి కాలికి మేలు జరిగినది.

ఒక్కని కాలు నొచ్చిన ఒక పందెము పోవును. వేయిమంది కాళ్ళు నొచ్చిన యుద్ధమే పోవచ్చును. రష్యా సైనికులు మేజోళ్ళకు బదులు దీర్ఘచతురస్రపు గుడ్డపేలికలను పాదములకు చుట్టుకొనెడివారు. చుట్టుట చేతనైనవానికి అది హాయి. ఒక్క మడత తప్పినచో సాయంకాలమునకు బొబ్బ సిద్ధము. ఆ గుడ్డలను 2013లోగాని అచటి సైన్యము విడిచిపెట్టలేదు.

అమెరికా సైన్యమున ఎడ్వర్డ్ మన్సన్ అను వైద్యుడు ఈ విషయమును ఒక శాస్త్రముగా పట్టించుకొనెను. సైనికుల పాదములను పరీక్షించి, 1912లో సైనికుని పాదమును గూర్చియు బూటును గూర్చియు ఒక గ్రంథమే వ్రాసెను. ఆనాటి వరకు బూటు అందము కొరకు ముందువైపు సన్నముగా కుట్టబడుచుండెను. మన్సన్ అచ్చు పాదము ఉన్నట్లే వ్రేళ్ళవద్ద వెడల్పుగా ఉండెను. కొలత తీయుటలో గూడ ఒక వింత యున్నది. సైనికుని వీపుపై 40 పౌనుల బరువు నుంచి, ఆ బరువంతయు ఒక్క పాదముపై మోపించి కొలత తీయవలెను. బరువు పడినప్పుడు పాదము సాగును గదా! పిమ్మట క్రొత్త బూట్లతో రెండున్నర అంగుళముల నీటిలో అయిదు నిమిషములు నిలువబెట్టి, అవి కాళ్ళమీదనే ఆరువరకు సుమారు ఒక గంట నడిపించవలెను. మన దుకాణములలో కుర్చీలో కూర్చుండి, కాలు గాలిలో చాచి జోడు కొనుచున్నాము. చెప్పు కరచుటలో చెప్పుల దుకాణదారుని తప్పెంతయో, కూర్చున్న మన తప్పును అంతయే.

ఈ చరిత్రలో మనస్సును కలచు ఘట్టము 1924లో జరిగినది. అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్‌కు తండ్రిపేరే పెట్టబడిన చిన్నకుమారు డొకడుండెను. వయస్సు 16 ఏండ్లు. జూన్ 30న ఆ బాలుడు శ్వేతభవనపు ఆవరణలో అన్నతో టెన్నిస్ ఆడెను. మేజోళ్ళు తొడుగుకొనక ఉత్తకాళ్ళకు బూట్లు వేసికొనెను. కుడికాలి వ్రేలిపై బొబ్బ లేచినది. పిల్లవాడు పట్టించుకొనలేదు, అట్టి బొబ్బను ఎవరు మాత్రము పట్టించుకొందురు? దాని గుండ సూక్ష్మజీవులు రక్తమున ప్రవేశించి జ్వరము తెచ్చినవి. దేశమందలి పేరొందిన వైద్యులు వచ్చిరి. జూలై 7న బాలుడు మరణించెను. బొబ్బకును మృత్యువునకును నడుమ వారము దినములే. ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొనుటకు అప్పటికి ఇంకను నాలుగేండ్లు ఉన్నవి. అది రోగులకు అందుబాటులోనికి వచ్చినది 1940వ దశకముననే. అధ్యక్షుని యింటగూడ ఆనాడు చేయదగిన చికిత్స లేకపోయెను.

అటుపిమ్మట ఆరేండ్లకు, 1930 మార్చి 12న, మహాత్ముడు సబర్మతినుండి దండికి బయలుదేరెను. 24 దినములు, సుమారు 240 మైళ్ళు. గాంధీజీ వయస్సు అప్పటికి అరువదియొకటవ ఏట పడినది. ఆయన కొరకు ఒక గుర్రమును వెంట ఉంచిరి గాని ఆయన దానిని ఎక్కలేదు. యువకులైన సత్యాగ్రహులలో కొందరికి కాళ్ళు పుండ్లుపడి ఎడ్లబండి ఎక్కవలసి వచ్చెను. ఏండ్లతరబడి దినము తప్పక నడచినవాని పాదమునకును, ఉత్సాహముతో ఒక్కమారుగా బయలుదేరినవాని పాదమునకును గల భేదము ఇదియే. మన పోచంపల్లికి 1951లో వినోబాజీ వచ్చినదియు కాలినడకనే. వార్ధా ప్రాంతమునుండి సుమారు 300 మైళ్ళు నడచి హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లి చేరి, అటనుండి తెలంగాణ గ్రామములకు సాగిరి. భూదానమునుగూర్చి చరిత్రకారులు చాల వ్రాసిరి. అన్ని మైళ్ళు మోసిన పాదములనుగూర్చి అంతగా వ్రాయలేదు.

ఇంతకును బొబ్బ ఏల లేచును? పైచర్మము అరుగుటవలననని లోకమెల్ల తలచినది. 1950, 60 దశకములలో ఇంగ్లండున నేలర్, అమెరికా సైన్యమున సల్జ్‌బర్గర్ మొదలగు పరిశోధకులు స్వయముగా మనుష్యుల చర్మముపై రాపిడి కల్పించి పరీక్షించిరి. నడచునప్పుడు ఎముక ముందు కదలును. చర్మము మేజోడును, మేజోడు జోడును అంటిపెట్టుకొని వెనుకబడును. నడుమనున్న పొరలు అటునిటు లాగబడి, పైచర్మపు మందములోపలనే చీలును. ఆ చీలికలో నీరు ఊరును. తమలపాకుల కట్టను అరచేతుల నడుమ నలిపినచో పైఆకు చెడక లోపలి ఆకులు విడివడునట్లు ఇది జరుగును. చెమ్మ పాత్రయు అప్పుడే తేటపడినది. పొడి చర్మము జారును, నీరు కారుచున్న చర్మమును జారును. కొద్దిగా తడిసినదే గట్టిగా పట్టుకొనును. నోట్లు లెక్కించువాడు వ్రేలు తడిచేసికొనుట ఇందుకే. చెమటపట్టిన మేజోడు చేయునదియు ఇదియే.

గాల్టన్ చెప్పిన క్రొవ్వుమాటకు గూడ ఇక్కడ సమాధానము దొరకినది. నూనె, వాసెలిన్ తొలుత రాపిడిని తగ్గించును. కొన్ని గంటలు గడచిన పిమ్మట పెంచును. దూరము నడచువారు మరల మరల పూయవలెను. చెమటను ఆపు మందును గూడ ప్రయత్నించిరి. 1998లో ప్రకటితమైన పరీక్షలో అమెరికా సైనిక విద్యార్థులు 21 కిలోమీటర్లు నడచిరి. ముందు రాత్రులలో మందు పూసికొన్నవారిలో నూటికి 21 మందికి బొబ్బలు లేచినవి; ఉత్తమందు పూసికొన్నవారిలో 48 మందికి. కాని అసలు మందు వాడినవారిలో సగముకంటె ఎక్కువమందికి చర్మము మండినది. ఒక బాధ పోయి మరియొకటి పట్టుకొన్నదన్నమాట. 2016లో ప్రకటితమైన మరియొక పరీక్షలో, 250 కిలోమీటర్లు పరుగెత్తువారు గాయములకు అంటించు చవుకయైన కాగితపు టేపును పరుగునకు ముందే పాదములకు అంటించుకొనగా బొబ్బలు నూటికి నలువది పాళ్ళు తగ్గినవి.

బొబ్బ లేచిన పిమ్మట చేయవలసినదానిని గూర్చి 1968లో ప్రకటితమైన పరిశోధన ముఖ్యమైనది. మొదటి దినమున మూడు పర్యాయములు నీరు తీసి, పైపొరను మాత్రము ఊడదీయక అట్లే ఉంచినచో అది క్రిందిదానికి అంటుకొని కప్పుగా నిలిచినది. మన యిండ్లలో ఆ పొరను గోటితో ఒలిచివేయు అలవాటు కలదు. అది ఒలిచిన క్రింద పచ్చి మాంసమే మిగులును. కూలిడ్జ్ బాలుని వ్రేలిలోనికి సూక్ష్మజీవులు దూరినదియు అట్టి ద్వారముననే. చిన్నదైన బొబ్బను ముట్టక, శుభ్రమైన పట్టీ వేసిన చాలును. నడువనీయనంత పెద్దదైనచో చేతులు సబ్బుతో కడిగి, కాచి చల్లార్చిన సూదితో అంచున పొడిచి, నీరు మెల్లగా ఒత్తి, పైపొరమీదనే పట్టీ కట్టవలెను. మధుమేహము గలవారు ఈ పని స్వయముగా చేసికొనరాదు. వారి పాదములకు బాధ సరిగా తెలియదు, గాయము త్వరగా మానదు. ఎర్రదనము ప్రాకుచున్నను, చీము పట్టినను, జ్వరము వచ్చినను ఎవ్వరైనను ఆ దినమే వైద్యుని చూడవలెను.

ఇక జోళ్ళు కొనువారు సాయంకాలమున, పాదము కొంత ఉబ్బియున్నప్పుడు, తొడుగబోవు మేజోళ్ళతోనే దుకాణమునకు వెళ్ళి, కుర్చీ విడిచి లేచి నిలుచుండి, రెండు కాళ్ళకును కొలత చూచుకొనవలెను. మన్సన్ చెప్పిన 40 పౌనుల బరువును మోయనక్కరలేదు గాని, కూరగాయల సంచి చేతనుండిన మంచిదే.