చేతులు మారిన క్యాసెట్: రోడ్రిగెజ్ పాటల కథ

దక్షిణాఫ్రికాలో నా వయసువాళ్ళలో చాలామందికి రోడ్రిగెజ్ పేరు తెలుసు. ఆయన పుట్టిన అమెరికాలో మాత్రం ఎన్నో ఏళ్ళు ఆ పేరు ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి ఆ వింత చరిత్ర రాస్తున్నాను.

సిక్స్టో రోడ్రిగెజ్ 1942లో డెట్రాయిట్‌లో పుట్టారు. మెక్సికన్ కుటుంబం. ఆయన ఆరో బిడ్డ, అందుకే ఆ పేరు. డెట్రాయిట్ అంటే కార్ల ఫ్యాక్టరీల ఊరు. అక్కడి పేదల బతుకు గురించి, మత్తుమందుల గురించి, పెద్దవాళ్ళ మోసాల గురించి ఆయనే పాటలు రాసి, గిటార్ వాయిస్తూ పాడేవారు. ఆయన మొదటి ఆల్బమ్ 'కోల్డ్ ఫ్యాక్ట్' 1970లో వచ్చింది. మొత్తం పన్నెండు పాటలు, రికార్డుకి ఒక్కో వైపు ఆరు. అమెరికాలో అది అమ్ముడుపోలేదు. 1971లో వచ్చిన రెండో ఆల్బమ్‌కీ అదే గతి పట్టింది. తర్వాత ఆయన పాత ఇళ్ళు కూలగొట్టే పని, బాగుచేసే పని చేసి బతికారు.

ఆ రికార్డే మా దేశానికి వచ్చి వేరే జీవితం మొదలుపెట్టింది. అవి అపార్థైడ్ రోజులు. ప్రభుత్వాన్ని ఎదిరించి మాట్లాడితే జైలు. అలాంటప్పుడు ఒక మనిషి భయం లేకుండా పాడుతుంటే వినేవాళ్ళకు ధైర్యం కలిగింది. సైన్యంలోకి బలవంతంగా పంపిన తెల్ల కుర్రాళ్ళు కూడా ఈ పాటలే వినేవారు. మత్తుమందుల మాట ఉందని 'షుగర్ మ్యాన్' పాటను రేడియోలో నిషేధించారు. రేడియో సంస్థ దగ్గరున్న రికార్డు మీద ఆ పాట గాడులను పదునైన వస్తువుతో గీకేశారు. గాడి అంటే రికార్డు మీద సూది నడిచే సన్నని దారి.

రికార్డును గీకారు గానీ, క్యాసెట్లను ఎవరు ఆపగలరు? ఆల్బమ్ అంతా కలిపితే సుమారు 32 నిమిషాలు. తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక్క వైపే సరిపోతుంది. ఒకరి దగ్గర నుంచి ఇంకొకరు కాపీ చేసుకునేవారు. కాపీకి కాపీ చేసిన కొద్దీ బుస్సుమనే శబ్దం పెరిగేది. నా చేతికి వచ్చిన దానిలో గిటార్ వెనకాల వాన పడుతున్నట్టు ఉండేది. నాకు ఇప్పటికీ ఆ శబ్దంతో వింటేనే ఇష్టం.

గాయకుడు ఎవరో మాకు తెలియదు. వేదిక మీదే నిప్పంటించుకుని చనిపోయాడని పుకారు. నిజం 1990లలో బయటపడింది. స్టీఫెన్ సెగర్మన్, క్రెయిగ్ బార్తొలొమ్యూ స్ట్రైడమ్ అనే ఇద్దరు అభిమానులు ఆయన కోసం వెతికారు. ఒక పాటలో డెట్రాయిట్ పక్క ఊరి పేరు ఉంది. ఆ ఆధారంతో నిర్మాత మైక్ థియోడోర్ దొరికారు. రోడ్రిగెజ్ బతికే ఉన్నారని ఆయన చెప్పారు! తన పాటలకు ఇక్కడ ఇంత పేరుందని రోడ్రిగెజ్‌కే తెలియదు. 1998 మార్చిలో ఆయన కేప్ టౌన్ వచ్చి వేలమంది ముందు పాడారు. ఈ కథతో తీసిన డాక్యుమెంటరీకి 2013లో ఆస్కార్ వచ్చింది. 2023లో, 81 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు.

ఇది తెలుగు నేర్చుకునేవాళ్ళకి ఎందుకు చెబుతున్నాను? నేను చదివిన బడిలో తెలుగు లేదు. ఇంట్లో మా అమ్మమ్మ మాటలు, గుడిలో భజనలు, అంతే. ఆ భజనలు కూడా క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి కాపీ అయ్యాయి. నేను సేవ చేసే గుడిలో అలాంటివి ఒక పెట్టె నిండా ఉన్నాయి. చాలావాటి మీద "శనివారం భజన" అని మాత్రమే రాసి ఉంది. పాడినవారి పేరు లేదు. ఆ గొంతులను గుర్తుపట్టగల పెద్దవాళ్ళు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు.

రోడ్రిగెజ్‌ని వెతకడానికి పాటలో ఒక ఊరి పేరైనా దొరికింది. మన క్యాసెట్లలో అదీ లేదు. అందుకని ప్రతి ఆదివారం ఒక్కో క్యాసెట్ పెట్టి, పెద్దవాళ్ళకి వినిపించి, పేర్లు రాసుకుంటున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటివి ఉంటే, ముందు పాడింది ఎవరో అడిగి తెలుగులో రాసి పెట్టండి. అక్షరాలు వంకరగా వచ్చినా ఫరవాలేదు.